రెండో సీసా

వాన కోసం జీతమిచ్చి కూర్చోబెట్టారు నన్ను.
స్టాక్టన్‌లో ఏప్రిల్ నుంచీ ఆకాశం
ఖాళీ చేసిన ఇంటి గోడలా ఉంటుంది.
అక్టోబరులో ఏదో ఒక రాత్రి మొదటి చుక్క పడితే
తొలకరి అనబోయి నాలుక కరుచుకుంటాను,
కారు తాళాలు వెతుక్కుంటాను.

మొదటి వాన దేన్నీ దాచదు.
ఆరు నెలలుగా నలభై మూడు బడుల మీద పడిందంతా
ఒక్క గంటలో ఒప్పేసుకుంటుంది:
బ్రేకుల పొడి, ఆటస్థలం ఎరువు,
వంటగది వెనక ఎవరో గుమ్మరించిన తుడుపునీళ్ళు,
చిప్స్ సంచులు, ఒక ఎడమకాలి బూటు.
కాలవ మూత పక్కన నీలిరంగు చేప బొమ్మ,
ఇది నేరుగా వాగులోకి, అని దాని కింద అక్షరాలు.
ఐదో తరగతి పిల్లలు వేశారు. కనురెప్పలు కూడా పెట్టారు.
చేపలకి రెప్పలుండవని నేను చెప్పలేదు.

నిరుడు జింకు హద్దు దాటింది.
కారణం రాయడానికి ఫారంలో రెండు వేళ్ళ చోటిచ్చారు.
బస్సుల షెడ్డు, అని రాశాను.
ఇంకేం రాస్తాను? అక్కడ నేల నల్లగా ఉంటుంది.
మెకానిక్ ఆర్విల్ టాకెట్ గోళ్ళు నల్లగా ఉంటాయి.
మీటింగులో అందరూ ఆ గోళ్ళకేసే చూశారు.
ఆయన చేతులు బల్ల కిందికి తీసుకున్నాడు,
నెమ్మదిగా, భోజనం అయిపోయిన మనిషిలా.
ఆ తర్వాత ఏడాదంతా
రోజూ సాయంత్రం షెడ్డు ఊడ్చాడు,
కారే బస్సుల కింద పళ్ళాలు పెట్టాడు,
కాలవ నోటికి గడ్డిచుట్టలు అడ్డం కట్టాడు.
నాతో మాత్రం ఎండ గురించి కూడా మాట్లాడలేదు.

ఈసారి రెండు సీసాలు తెచ్చాను.
ఉదయం అయిదూ ఇరవై. టార్చి పళ్ళ మధ్య.
షెడ్డు నీళ్ళు పెద్ద గొట్టంలో కలవకముందే ఒకటి పట్టాను.
కాఫీ డికాషన్ రెండోసారి దింపినట్టుంది.
రెండోది కొత్త జిమ్ చూరు కింద.
నిరుడు ఆగస్టులో బోర్డు వాళ్ళు రిబ్బను కత్తిరించిన జిమ్,
ఫ్రీవే మీంచి కూడా మెరిసే రేకుల కప్పు.
తేటగా, చల్లగా నిండింది సీసా.
దాహమేస్తే ఎత్తి తాగేసేంత తేట.

ల్యాబు కాగితం పదకొండో రోజున వచ్చింది.
డికాషన్ పాసయింది.
తేటనీళ్ళు హద్దుకి మూడింతలు.

మెరుపు కరిగి నీళ్ళలోకి దిగుతుందని
నాకు తెలియాల్సింది.
పరీక్ష రాసి గెలిచి వచ్చిన మనిషిని.

మళ్ళీ ఫారం. అదే రెండు వేళ్ళ చోటు.
తిలా పాపం తలా పిడికెడు అంటారు మావాళ్ళు.
ఇక్కడ ఆ పిడికిళ్ళని
లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని తూచాలి,
తూచి ఒక్క పేరే పెట్టాలి.
జిమ్ కప్పు, అని రాశాను.
నిరుటి తప్పు నాది అని రాయడానికి గడి లేదు.
అంచున రాశాను.
స్కానింగులో అంచు తెగిపోయింది.

షెడ్డుకి వెళ్ళి కాగితం చేతికిచ్చాను.
ఆర్విల్ కళ్ళజోడు చొక్కాకి తుడుచుకుని
రెండుసార్లు చదివాడు.
మడిచి పనిముట్ల అరలో, రెంచీల కింద పెట్టాడు.
చీపురు అందుకున్నాడు.
ఇంకా ఎందుకండీ, అన్నాను.
బస్సులు దుమ్ము తేవడం మానేశాయా, అన్నాడు.
అది క్షమించడమో కాదో
నాకు ఇప్పటికీ తేలలేదు.

గురువారం మళ్ళీ వాన అంటున్నారు.
ఐసు పెట్టెలో ఈసారి మూడు సీసాలు సర్దాను.
మూడోదానికి చీటీ అంటించాను:
సిబ్బంది పార్కింగు, తూర్పు వరస, చివరి గడి.
నా కారు కింద
అరచేయంత మరక ఒకటి ఉంది,
ఎన్నాళ్ళ నుంచో.